అస్థికుంభం మీది నెమలి: హరప్పా ‘హెచ్’ శ్మశానవాటిక చిత్రాల వ్యాఖ్యాన పునఃపరిశీలన

హరప్పా శిథిలాలకు దక్షిణ దిశలో బయటపడిన ఒక మట్టి కుంభం భుజభాగం మీద నెమళ్లు ఎగురుతున్నట్లు చిత్రించి ఉన్నాయి. ఎర్రని పూత మీద నల్లని రంగు. మెడ, తోక, కాళ్లు ఉండవలసిన చోటనే ఉన్నాయి గాని, పొట్ట ఉండవలసిన చోట గుండ్రని ఖాళీ ఉంది. ఆ ఖాళీలో అడ్డంగా పడుకున్న ఒక చిన్న మనిషి ఆకారం కనిపిస్తుంది. పక్షికీ పక్షికీ నడుమ నక్షత్రాలు ఉన్నాయి. ఇటువంటి కుంభాలను మృతుల ఎముకలు దాచడానికి వాడారు.

ఈ చిత్రం ఎనిమిది దశాబ్దాలకు పైగా ఒకే వ్యాఖ్యానం నీడలో ఉంటూ వచ్చింది. నెమలి పొట్టలోని మనిషి మృతుని సూక్ష్మశరీరమనీ, నెమలి దానిని పరలోకానికి మోసుకుపోతున్నదనీ, ఇందుకు ఋగ్వేద దశమ మండలంలోని అంత్యేష్టి సూక్తాలే ప్రమాణమనీ తవ్వకందారు మాధవ్ స్వరూప్ వత్స్ 1940లో ప్రతిపాదించారు. సింధు నాగరికత గురించి తెలుగులో వెలువడిన పాఠ్యగ్రంథాలలోకి, వ్యాసాలలోకి కూడా ఈ వ్యాఖ్యానం నిశ్చితాంశంగానే ప్రవేశించింది. సాహిత్య విద్యార్థికి ఇది సహజంగా నచ్చే పద్ధతి: ఒక చేతిలో చిత్రం, మరొక చేతిలో సూక్తం, రెండూ ఒకదానికొకటి అర్థం చెప్పుకుంటాయి. అయితే ఈ పద్ధతిలో కుండ మరుగున పడిపోయింది. చిత్రాన్ని గ్రంథంతో కలిపి చదవడానికి ముందు అది ఏ కుండ మీద ఉన్నదో, ఆ కుండ సమాధిలో ఏ పని చేసిందో చూడవలసి ఉంటుంది. అలా చూసినప్పుడు వత్స్ వ్యాఖ్యానంలో కొంత నిలుస్తుంది, కొంత నిలవదు. నిలవని భాగం మీదనే ఒక పెద్ద చారిత్రక సిద్ధాంతం ఆధారపడింది కనుక ఈ పరిశీలన అవసరమవుతున్నది.

తవ్వకాలు – రెండు పొరలు

హరప్పా నేటి పాకిస్తాన్ పంజాబ్‌లోని సాహీవాల్ జిల్లాలో, రావీ నది పాత కాలువ ఒడ్డున ఉంది. 19వ శతాబ్ది మధ్యలో లాహోర్–ముల్తాన్ రైలుమార్గం నిర్మాణానికి ఇక్కడి ఇటుకలను తవ్వుకుపోవడం వల్ల పై పొరలు చాలావరకు ధ్వంసమయ్యాయి. 1921లో దయారామ్ సాహ్నీ తవ్వకాలు ఆరంభించారు. వత్స్ 1926 నుంచి 1934 వరకు ఇక్కడ పనిచేశారు. ఆ కాలంలోనే బయటపడిన శ్మశానవాటికకు ‘హెచ్’ అని పేరు పెట్టారు. ఆయన నివేదిక రెండు సంపుటాలుగా 1940లో వెలువడింది. 1937లో కె.ఎన్. శాస్త్రి ‘ఆర్-37’ అనే మరొక శ్మశానవాటికను గుర్తించారు. 1946లో మార్టిమర్ వీలర్ ఈ రెండింటి మధ్య స్తరక్రమాన్ని నిర్ణయించడానికి తవ్వకాలు చేశారు. ‘ఆర్-37’ పరిణత హరప్పా నగర కాలానిదనీ, ‘హెచ్’ దాని తరువాతిదనీ తేలింది. ‘హెచ్’ మృణ్మయాలతో ముడిపడిన సంస్కృతికి నేడు సుమారు క్రీ.పూ. 1900–1300 మధ్య కాలాన్ని సూచిస్తున్నారు.

‘హెచ్’లో రెండు పొరలున్నాయి. కింది పొరలో శవాన్ని నేలలో పొడవుగా పడుకోబెట్టి, చుట్టూ కుండలు, పీఠపాత్రలు, చిన్న కూజాలు పేర్చారు. పై పొరలో శవఖననం లేదు. పెద్ద కుంభాలను పాతిపెట్టారు. పెద్దల విషయంలో కుంభంలో కపాలం, కొన్ని పొడవాటి ఎముకలు మాత్రమే ఉన్నాయి. శరీరాన్ని మొదట ఆరుబయట వదిలి, మాంసం పోయిన తరువాత మిగిలిన ఎముకలను ఏరి కుంభంలో ఉంచి ఉంటారని వత్స్ భావించారు. పురావస్తు పరిభాషలో ఇది ద్వితీయ ఖననం. శిశువుల విషయం వేరు. వారి శరీరాన్ని ముడుచుకున్న భంగిమలో, గర్భస్థ శిశువును తలపించే తీరులో, మొత్తంగా కుంభంలో ఉంచారు. ఈ భేదం మీద ఆనాడు పడవలసినంత దృష్టి పడలేదు. చిత్రాల గురించి వందల పుటలు వచ్చాయి, శిశువుల కుంభాల గురించి కొన్ని వాక్యాలే వచ్చాయి.

చిత్రాల తీరు

‘హెచ్’ మృణ్మయాలు బాగా కాలిన ఎర్రమట్టివి. పైన ఎర్రని పూత, దానిమీద నల్లని రంగుతో చిత్రాలు. రెండు పొరల కుండలు ఒకే కుటుంబానికి చెందినవే గాని ఆకారాలు ఒకటి కావు. చిత్రాలలో రావి ఆకులు, మొక్కలు, నక్షత్రాలు, చేపలు, ఎద్దులు, మేకలు, పక్షులు ఉన్నాయి. నెమలి పదేపదే వస్తుంది. అన్ని కుండల మీదా కథనాత్మక దృశ్యాలు లేవు. చాలా వాటి మీద గీతల పట్టీలు, ఆకులు, నక్షత్రాలు తప్ప మరేమీ కనిపించవు. వ్యాఖ్యాతలను ఆకర్షించిన దృశ్యాలు చాలా కొద్ది కుంభాల మీదివి.

వాటిలో నెమలి పొట్టలోని మనిషి ఒకటి. మరొక దృశ్యంలో పొడవాటి జుట్టు గల మనిషి రెండు పశువుల నడుమ నిలిచి, వాటిని తాళ్లతో పట్టుకున్నాడు. వెనుక నుంచి ఒక కుక్క పశువు మీదికి దూకుతున్నది. పక్కనే అసాధారణంగా పెద్ద కొమ్ములు గల మేకవంటి జంతువు ఉంది. దాని కొమ్ముల మీద త్రిశూలాన్ని పోలిన ఆకారాలు నిలిచి ఉన్నాయి.

చిత్రం కుంభం మీద ఎక్కడ ఉన్నదో గమనించదగినది. పెద్ద కుంభాల మీద చిత్రాలు భుజభాగంలో, మెడకు దిగువన, చుట్టూ పట్టీగా ఉన్నాయి. కింది భాగం సాదాగా ఉంది. నేల మీద కూర్చోబెట్టిన పెద్ద కుండను నిలుచున్న మనిషి చూసినప్పుడు మొదట కనిపించే భాగం భుజమే. ధాన్యం కుండ అయినా నీళ్ల కుండ అయినా కుమ్మరి అలంకారం అక్కడే పెడతాడు. మూతల మీద కూడా చిత్రాలున్నాయి. కుంభాన్ని గుంటలో దింపి మట్టి కప్పే దాకా దాని చుట్టూ నిలిచిన బంధువులకు కనిపించేవి మూత, భుజమే. ఇది మృతుడు ఒక్కడి కోసమే వేసిన చిత్రమని చెప్పడానికి ఈ స్థానం అవకాశమివ్వదు. చూసేవారు బ్రతికున్నవారు.

ఋగ్వేద వ్యాఖ్యానం – దాని పర్యవసానం

వత్స్ సంస్కృతం బాగా చదువుకున్నవారు. ఆయన వ్యాఖ్యానం ఊరకే చేసినది కాదు. దశమ మండలం 14వ సూక్తంలో యముని రెండు కుక్కలు దారి కాస్తుంటాయి. కుంభం మీద కుక్క ఉంది. 16వ సూక్తంలో దహనవేళ అగ్నికి మేకను భాగంగా ఇవ్వడం ఉంది. కుంభం మీద పెద్ద మేక ఉంది. మృతునితో పాటు గోవును సమర్పించే ఆచారం వైదిక కర్మకాండలో ఉంది. కుంభం మీద పశువులున్నాయి. 16వ సూక్తంలోనే మృతుని శరీరాన్ని నల్లని పక్షి, చీమ, పాము, క్రూరమృగం గాయపరచి ఉంటే అగ్ని నయం చేయాలనే ప్రార్థన ఉంది. శవాన్ని ఆరుబయట వదిలే ఆచారానికి ఇది సూచన కావచ్చునని అనిపిస్తుంది. ఇన్ని పోలికలు ఒకచోట కుదిరినప్పుడు వాటిని విస్మరించడం ఏ పండితునికైనా కష్టమే. పైగా 1940 నాటికి కార్బన్ కాలనిర్ణయ పద్ధతి లేదు. నగరం తరువాతి ప్రజలెవరన్న ప్రశ్నకు గ్రంథమే అందుబాటులో ఉన్న దీపం.

చిక్కు తరువాత వచ్చింది. గార్డన్ చైల్డ్ ఈ శ్మశానవాటిక ప్రజలను భారతదేశంలోకి వచ్చిన ఆర్యులతో జోడించే అవకాశాన్ని సూచించారు. వీలర్ 1947లో ప్రచురించిన హరప్పా నివేదికలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. మొహెంజొదారో వీధులలోని అస్థిపంజరాలు, పురందరుడైన ఇంద్రుడు కోటలను బద్దలుకొట్టిన ఋక్కులు, ‘హెచ్’ శ్మశానవాటిక ప్రజలు – ఈ మూడింటినీ ఒక దారంలో గుచ్చి, సింధు నగరాల పతనానికి ఇంద్రుణ్ణి ముద్దాయిగా నిలబెట్టారు. ఒక నెమలి చిత్రం ఈ విధంగా ఒక దండయాత్రకు సాక్షిగా మారింది. జార్జ్ డేల్స్ 1964లో మొహెంజొదారో ఊచకోత కల్పితగాథ అని నిరూపించిన తరువాత ఆ సిద్ధాంతం బలం తగ్గింది. వీలర్ కూడా తరువాతి రచనలలో కొంత వెనక్కి తగ్గారు. అయితే చిత్రం మీద వైదిక వ్యాఖ్యానం మాత్రం తన చోట తాను ఉండిపోయింది. దండయాత్రను నిరాకరించేవారు సైతం దానిని వాడుకుంటున్నారు. ఆర్యులు బయటివారని చెప్పడానికి ఒకరు, స్థానికులని చెప్పడానికి మరొకరు, ఇద్దరూ అదే నెమలిని చూపుతున్నారు. పరస్పర విరుద్ధమైన రెండు వాదాలకు సమానంగా పనికివచ్చే సాక్ష్యం నిజానికి దేనికీ సాక్ష్యం కాదు.

గ్రంథసాక్ష్యం ఎటు మొగ్గుతుంది

వాదం కోసం గ్రంథాన్నే ప్రమాణంగా తీసుకున్నా, అనుకూలమైన ఋక్కులను మాత్రమే ఏరుకోవడం న్యాయం కాదు. దృశ్యాలలో ప్రధానమైనది నెమలి. ఋగ్వేదంలో నెమలి అరుదుగా కనిపిస్తుంది. తృతీయ మండలం 45వ సూక్తంలో ఇంద్రుని గుర్రాల రోమాలను నెమలితో పోల్చారు. అష్టమ మండలం మొదటి సూక్తంలోనూ నెమలి ప్రస్తావన ఇంద్రుని గుర్రాల వర్ణనలోనే వస్తుంది. ప్రథమ మండలం 191వ సూక్తంలో ఇరవై ఒక్క ఆడనెమళ్లు విషాన్ని హరిస్తాయి. ఈ సందర్భాలలో ఎక్కడా నెమలికి మరణంతో గాని, పితృలోకంతో గాని సంబంధం లేదు. మృతుణ్ణి మోసుకుపోయేవాడు అగ్ని. దారి చూపేవాడు యముడు, పూషుడు. కుక్కకు, మేకకు, పశువుకు సూక్తం దొరికింది గాని, శ్మశానవాటికలో అన్నిటికంటె ఎక్కువసార్లు చిత్రితమైన పక్షికి దొరకలేదు.

కుంభం విషయమూ అంతే. అస్థి సంచయనం గురించి ఆశ్వలాయన గృహ్యసూత్రం చతుర్థాధ్యాయంలో స్పష్టమైన విధి ఉంది. పురుషుని ఎముకలను పురుషకుంభంలోను, స్త్రీ ఎముకలను స్త్రీకుంభంలోను ఉంచాలి. వ్యాఖ్యాతలు ఈ స్త్రీ పురుష భేదాన్ని కుంభం మీది స్తనాకారాల ఉనికి, లేమిగా వివరించారు. ఆ రెండు కుంభాలకూ సూత్రకారుడు వాడిన విశేషణం ‘అలక్షణ’ అన్నది. గుర్తులు లేనిదని ఓల్డెన్‌బర్గ్ దానిని అనువదించారు. ఆ అర్థం తీసుకుంటే, భుజం నిండా నెమళ్లు, నక్షత్రాలు ఉన్న హరప్పా కుంభం ఆ విధికి పూర్తిగా విరుద్ధం. ఈ సూత్రం ‘హెచ్’ కాలానికి శతాబ్దాల తరువాతిది కనుక దానితో వత్స్ వ్యాఖ్యానాన్ని కొట్టివేయడమూ సరికాదు. కుంభాన్ని వైదికమని నిరూపించడానికి గ్రంథాన్ని పిలిచినవారు, కుంభాన్ని గురించి నేరుగా మాట్లాడిన గ్రంథాన్ని పిలవలేదన్నదే ఇక్కడ చెప్పదగినది. సప్తమ మండలం 89వ సూక్తంలో ఋషి వరుణుణ్ణి తనకు మట్టి ఇల్లు వద్దని వేడుకుంటాడు. ఆ మృణ్మయ గృహం సమాధి అనీ, అస్థికుంభమనీ భావించినవారున్నారు. అదే నిజమైతే, హరప్పా కుంభాలలో చేరినవారి ఆశకు ఆ ఋషి ప్రార్థన సరిగ్గా ఎదురు నిలుస్తుంది.

ఇందులో ఇంకొక పద్ధతి దోషం ఉంది. కుంభం కాలాన్ని సూక్తంతో నిర్ణయించి, సూక్తం కాలాన్ని కుంభంతో బలపరచడం జరిగింది. సాహిత్య చరిత్రలో కవి కాలనిర్ణయానికి శాసనాన్ని, శాసన కాలనిర్ణయానికి ఆ కవినే వాడినప్పుడు వచ్చే చిక్కు తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు.

పక్కన పెట్టిన కుండ, లోపల దాచుకున్న కుండ

గ్రంథాన్ని పక్కన పెట్టి కుండలనే వరుసగా చూస్తే కొన్ని విషయాలు స్పష్టపడతాయి. మొదటిది, నెమలి ‘హెచ్’ ప్రజలతో కొత్తగా వచ్చినది కాదు. పరిణత హరప్పా కాలపు చిత్రిత మృణ్మయాల మీద నెమలి, రావి ఆకు, చేప, చేపపొలుసుల అల్లిక ముందే ఉన్నాయి. ఆ కుండలు ఇళ్లలో వాడినవి. అదే కాలపు ‘ఆర్-37’ సమాధులలో మాత్రం మృతుని చుట్టూ పెట్టినవి ఎక్కువగా సాదా కుండలు. సాధారణంగా ఒక్కొక్క సమాధిలో 15 నుంచి 20 కుండలు, ఒక సమాధిలో 40 దాకా ఉన్నాయి. కుండల సంఖ్యలో లోభం లేదు గాని వాటి మీద బొమ్మలు అరుదు. నగరం బతికి ఉన్న రోజులలో నెమలి జీవించేవారి ఇంటిది. నగరం చెదిరిన తరువాత అది సమాధిలోకి వచ్చింది. దీనికి కొత్త ప్రజల రాక తప్పనిసరి కాదు. పాత బొమ్మకు కొత్త పని అప్పగించడం చాలు.

రెండవది, ‘హెచ్’ మృణ్మయాలు శ్మశానానికే పరిమితం కాదు. 1986లో ఆరంభమైన హరప్పా పురావస్తు పరిశోధన ప్రణాళికలో డేల్స్, మార్క్ కెనోయర్, రిచర్డ్ మెడో జరిపిన తవ్వకాలలో ఇవి ఊరి దిబ్బల మీది నివాస పొరలలోనూ దొరికాయి. పరిణత దశ తరువాత సుమారు క్రీ.పూ. 1900–1800 మధ్య ఒక సంధిదశ, ఆ తరువాత ‘హెచ్’ దశ అని వారు విభజించారు. ఈ మార్పు ఒక్కసారి తెగిపడిన గీత కాదని, కొంతకాలం సాగిన ప్రక్రియ అని వారి నిర్ణయం. చోలిస్తాన్‌లో రఫీక్ మొఘల్ 1970లలో చేసిన సర్వేక్షణలో పరిణత హరప్పా స్థలాలు 174 కాగా, తరువాతి ‘హెచ్’ తరహా మృణ్మయాలు గల స్థలాలు 50 మాత్రమే. నదీమార్గాలు మారి జనం తూర్పుకు, ఉత్తరానికి తరలిపోతున్న కాలమది. అస్థికుంభం ఇటువంటి కాలంలో పుట్టిన ఆచారమన్న సంగతి మరువరాదు. ఎముకలను ఒక పాత్రలో సమకూర్చడానికి కదలికకూ సంబంధం ఉండవచ్చునన్నది ఊహే గాని, దండయాత్ర ఊహ కంటె దీనికి నేల మీది ఆధారం ఎక్కువ.

మూడవది ముఖ్యమైనది. కింది పొరలో కుండ మృతుని పక్కన ఉంది. అది అన్నానికో నీళ్లకో పెట్టిన వస్తువు. మృతుడు దాని యజమాని. పై పొరలో మృతుడు కుండలోనే ఉన్నాడు. అంతవరకు వస్తువుగా ఉన్నది ఇల్లయింది, లేదా శరీరమయింది. చిత్రాల శైలి మొత్తంగా మారలేదు. మారినది కుండ పని. కనుక ఒకే నెమలి బొమ్మకు రెండు పొరలలోనూ ఒకే అర్థం ఉండవలసిన అవసరం లేదు. పక్కనున్న కుండ మీద అది అలంకారం. ఎముకలను పొదువుకున్న కుంభం మీద, అందులోనూ పొట్ట ఖాళీ చేసి మనిషిని ఉంచినప్పుడు, అది కుంభాన్ని గురించే చెబుతున్నది. గుండ్రని పక్షి పొట్టలో మనిషి, గుండ్రని మట్టి పొట్టలో మనిషి. చిత్రకారుడు కుంభంలో ఉన్నదానిని కుంభం పైన మరొకసారి గీశాడు.

నెమలి పొట్టలోని మనిషికి మృతునితో సంబంధం ఉన్నదన్న వత్స్ మాటకు ఇక్కడ బలం చేకూరుతుంది. అయితే ఆ బలం దశమ మండలం నుంచి వచ్చినది కాదు, కుంభం ఆకారం నుంచి, దాని ఉపయోగం నుంచి వచ్చినది. ఎక్కడికో మోసుకుపోవడం కంటె లోపల ఉంచుకోవడమే ఈ చిత్రంలో ప్రధానంగా కనిపిస్తుంది. గర్భస్థ శిశువులా ముడిచి ఉంచిన పసివారి శరీరాలు ఈ భావానికి దగ్గరగా ఉన్నాయి. శవాన్ని పక్షులకు వదిలే ఆచారం నిజంగా ఉండి ఉంటే, పక్షి పొట్టలో మనిషి ఉండడం అలంకారం కాదు, బంధువులు కళ్లారా చూసిన విషయం. నెమలి మాత్రం శవాలను తినే పక్షి కాదు. భయంకరమైన పక్షికి బదులు పరిచితమైన, ఇంటి కుండ మీద తరతరాలుగా ఉన్న పక్షిని ఎన్నుకోవడంలో ఒక ఓదార్పు ఉందేమో.

దక్షిణాపథపు సమాధులు

ఈ పఠనం ఒక్క హరప్పాకే చెల్లుతుందా అన్న ప్రశ్న సహజం. పుణె సమీపంలోని ఇనాంగావ్‌లో 1968–83 మధ్య దక్కన్ కళాశాల పక్షాన హెచ్.డి. సంకాలియా, ఎం.కె. ధవళీకర్, జెడ్.డి. అన్సారీ జరిపిన తవ్వకాలు పోల్చదగిన సామగ్రిని ఇస్తాయి. ఇది తామ్రశిలాయుగపు రైతుల ఊరు. పసిపిల్లలు చనిపోతే రెండు ముతక బూడిదరంగు కుండల మూతులను ఎదురెదురుగా కలిపి, వాటిలో శరీరాన్ని ఉంచి, ఇంటి నేల కిందనే పాతిపెట్టారు. పెద్దలను పొడవుగా పడుకోబెట్టి పాతారు. వారి పాదాలను చీలమండల దగ్గర నరికివేశారు. జోర్వే శైలిలో చక్కగా చిత్రించిన ఎర్రకుండలు, కొమ్ముచెంబులు సమాధులలో పక్కన పెట్టినవి. అంటే ఇక్కడ శరీరాన్ని దాచుకున్న కుండ సాదా, పక్కనున్న కుండ చిత్రితం. హరప్పా పై పొరకు ఇది పూర్తిగా తలకిందులు. ఒక పురుషుణ్ణి మాత్రం నాలుగు కాళ్లు గల, ఉబ్బిన పొట్ట వంటి మట్టి పాత్రలో కూర్చున్న భంగిమలో ఉంచారు. అతని పాదాలు నరకలేదు. ఆ పాత్ర మీద బొమ్మ అవసరం లేకపోయింది, పాత్రే బొమ్మ అయింది.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో జనం రాక్షస గుళ్లని, పాండవ గుళ్లని పిలిచే బృహత్ శిలాయుగపు సమాధులు ఇనుపయుగానివి, హరప్పా కుంభాలకు చాలా తరువాతివి. వీటిలో దొరికే నలుపు-ఎరుపు మృణ్మయాలు నునుపుకు, మెరుపుకు పేరుపొందినవి. వాటి మీద చిత్రాలు అరుదు. ఉన్నవి కాలిన తరువాత మొనతో గీసిన గుర్తులు. హైదరాబాదు పరిసరాల సమాధులలోని ఇటువంటి గుర్తులను గులాం యజ్దానీ 1917లోనే సేకరించి ప్రకటించారు. 1960లో బి.బి. లాల్ ఈ గుర్తులలో నూటికి 89 వంతులు తామ్రశిలాయుగ, హరప్పా కుండల మీది గుర్తులతో సరిపోలుతున్నాయని లెక్కగట్టారు. గీతలు, శిలువలు, త్రిభుజాలు వంటి సరళ రూపాలు ఎక్కడైనా పుట్టగలవు కనుక ఈ శాతాన్ని వంశపారంపర్యానికి రుజువుగా తీసుకోవడం సాహసమే. వత్స్ చేసినదే ఇక్కడ మరొక రూపంలో జరిగింది. ఆయన బొమ్మను కుండ నుంచి వేరుచేసి గ్రంథంలో వెదికారు. లాల్ గుర్తును కుండ నుంచి వేరుచేసి పట్టికలో వెదికారు. తమిళనాడులోని కొడుమణల్‌లో ఇటువంటి గుర్తులు సమాధులలోనూ నివాసాలలోనూ దొరకడం వల్ల, ఇవి కేవలం మృతుల కోసం గీసినవన్న అభిప్రాయమూ నిలవలేదు.

తెలుగు నేల మీది సమాధులలో హరప్పా నెమలికి భావంలో దగ్గరగా వచ్చేది చిత్రం కాదు, శవపేటిక. కాల్చిన మట్టితో, వరుసగా కాళ్లు పెట్టి చేసిన దీర్ఘచతురస్రాకారపు పేటికలు ఈ సమాధులలో దొరుకుతాయి. కడప జిల్లా శంకవరంలో దొరికిన పేటికను జంతువు ఆకారంలోనే మలిచారు. మృతుణ్ణి ఉంచే తొట్టే ఆ జంతువు శరీరం. హరప్పా కుమ్మరి కుండ మీద గీసినదాన్ని శంకవరం కుమ్మరి మట్టితోనే కట్టాడు. ఈ రెండింటి మధ్య వేయి మైళ్లకు పైబడిన దూరం, శతాబ్దాల ఎడం ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకటి వచ్చిందనడానికి ఆధారం లేదు, ఆ అవసరమూ లేదు. మృతుణ్ణి ఒక ప్రాణి లోపల భద్రపరచడమనే ఆలోచన కుండలు చేసే చేతులకు వేరువేరు చోట్ల తట్టగలదు. కుండకు పొట్ట, మెడ, మూతి అని శరీరభాగాల పేర్లు పెట్టుకున్న భాషలో ఈ సంగతి వివరించనక్కరలేదు. మొండిఘటమని మనిషిని కుండ పేరుతోనే పిలుస్తారు. చితి చుట్టూ తిప్పి చిల్లు పెట్టి పగలగొట్టే కుండ, అస్థి సంచయనానికి తెచ్చే కొత్త కుండ నేటికీ సాదావే. వాటికి బొమ్మ ఉండదు, ఆశ్వలాయనుని మాటలో అలక్షణాలు.

ఇక పరీక్షించవలసినది ఒకటి మిగిలి ఉంది. హరప్పా కుంభాలు శ్మశానం కోసమే చేసినవా, ఇంట్లో ధాన్యమో నీళ్లో దాచిన తరువాత ఎముకలకు కేటాయించినవా? అమెరికాలోని న్యూ మెక్సికోలో మింబ్రెస్ ప్రజలు క్రీ.శ. 1000 తరువాతి కాలంలో చక్కని బొమ్మలు గల గిన్నెలకు అడుగున చిల్లు పొడిచి మృతుని ముఖం మీద బోర్లించేవారు. అవి సమాధి కోసమే చేసినవని చాలాకాలం భావించారు. లోపలి ఉపరితలం మీది గీతలను, అరుగుదలను పరిశీలించినప్పుడు వాటిలో చాలా గిన్నెలు ముందు ఇంట్లో వాడినవని తేలింది. హరప్పా కుంభాల అడుగు మీద, లోపలి గోడల మీద అటువంటి అరుగుదల ఉంటే, నెమలి ఆ ఇంటివారికి అంతకుముందే రోజూ కనిపించిన పక్షి. లేకుంటే, మరణం తరువాత కుమ్మరికి ప్రత్యేకంగా చెప్పి వేయించిన పక్షి. రెండు సందర్భాలలోనూ పొట్టలోని మనిషికి ఒకే అర్థం ఉండదు. తవ్వకాల నివేదికలలో చిత్రాల ఫలకాలు ఉన్నంత వివరంగా కుంభాల అడుగుల వర్ణన లేదు. ఈ పరిశీలన కుంభాలను భద్రపరచిన మ్యూజియంలలోనే, బొమ్మ లేని భాగం నుంచి మొదలుకావలసి ఉంది.